చిన్న పెట్టెలో పెద్ద సంగీతము
ఇంటికి స్పీకర్లను ఎన్నుకొనుట ఎట్లు?

పాటను రికార్డు చేయుట, నిలువ చేయుట, ఒకచోటి నుండి మరియొకచోటికి పంపుట – ఈ మూడు పనులును ఈనాడు ఎంతో చౌక అయిపోయినవి. చేతిలోని ఫోనులో వేలకొలది పాటలు ఇముడుచున్నవి. ఆంప్లిఫయరు అరచేతిలో పట్టునంత చిన్నదైనది. కాని పాట చివరకు చెవిని చేరవలెనన్నచో గాలి కదలవలెను. గాలిని కదలించుట మాత్రము వంద సంవత్సరముల క్రిందట ఎంత కష్టమో ఇప్పుడును అంత కష్టమే. ఆ పని చేయునది స్పీకరు. అందుచేత ఇంటి స్టీరియోలో ధ్వని బాగోగులు అన్నిటికంటె ఎక్కువగా స్పీకర్లపైననే ఆధారపడి యుండును.

ఒక ఉపాధ్యాయుడు కొద్దికొద్దిగా కూడబెట్టిన సొమ్ముతో ఒక జత చిన్న స్పీకర్లు కొనదలచి అంగడికి వెళ్ళినాడనుకొందము. అక్కడ ఇంచుమించు ఒకే పరిమాణము, ఒకే వెల గల జతలు నాలుగైదు ఉండును. ఒకదానిపై 60 వాట్లనియు, మరియొకదానిపై 100 వాట్లనియు వ్రాసియుండును. ఒకటి గట్టిగా మ్రోగును, ఇంకొకటి మెల్లగా మ్రోగును. ఏది కొనవలెను? నేడు కొన్న జత పదేండ్లపాటు ఇంటిలో ఉండును కనుక తొందరపడుట తగదు. ఈ ప్రశ్నకు సమాధానము ప్రకటనలలో లేదు, భౌతికశాస్త్రములో ఉన్నది. అదియును చాలవరకు ఉన్నత పాఠశాలలో బోధించు భౌతికశాస్త్రమే.

స్పీకరు పనిచేయు విధము

అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను ఇంజనీర్లు 1925లో ఒక స్పీకరును గురించి వ్యాసము ప్రకటించిరి. ఈనాటి స్పీకర్లలో అధికభాగము దాని సంతతియే. వలయాకారపు అయస్కాంతపు సందులో ఒక సన్నని తీగచుట్ట వ్రేలాడుచుండును. దానిని ఒక శంకువునకు అతికింతురు. ఆంప్లిఫయరు నుండి వచ్చు విద్యుత్తు తీగచుట్టలో ప్రవహించినప్పుడు దానిపై బలము పనిచేయును. ఫ్లెమింగు ఎడమచేతి నియమము చెప్పునది ఈ బలమునే. విద్యుత్తు దిశ మారిన కొలది శంకువు ముందుకు వెనుకకు కదలి గాలిని కంపింపజేయును.

శంకువు ముందుకు కదలినప్పుడు దాని ముందున్న గాలి నొక్కుకొనును. అదే క్షణమున వెనుకనున్న గాలి పలుచబడును. ఈ రెండును అంచు చుట్టు తిరిగి కలిసికొన్నచో ఒకదానినొకటి రద్దు చేసికొనును. మంద్రస్వరముల తరంగదైర్ఘ్యము చాల పెద్దది. 50 హెర్ట్జ్ స్వరమునకు అది ఇంచుమించు 7 మీటర్లు. అంత పొడవైన తరంగము చిన్న శంకువు చుట్టు సులభముగా వంగి పోవును కనుక మంద్రస్వరములే ఎక్కువగా నశించును. వెనుకటి తరంగమును బంధించుటకే శంకువును పెట్టెలో బిగింతురు. కాబట్టి పెట్టె అలంకారము కాదు, స్పీకరులో సగము భాగము.

ఇక శంకువు ఎంత కదలవలెనో చూతము. ధ్వని తీవ్రత మారకుండ పౌనఃపున్యమును సగము చేసినచో శంకువు నాలుగు రెట్లు ఎక్కువ దూరము కదలవలెను. 5 అంగుళముల స్పీకరులో శంకువు వైశాల్యము సుమారు 90 చదరపు సెంటీమీటర్లు. గోడలో అమర్చిన అట్టి స్పీకరు 1 మీటరు దూరమున 90 డెసిబెల్ల ధ్వనిని పుట్టించుటకు 200 హెర్ట్జ్ వద్ద మధ్యస్థానము నుండి 0.3 మిల్లీమీటరు కదలిన చాలును. 100 హెర్ట్జ్ వద్ద 1.3 మిల్లీమీటర్లు కదలవలెను. 50 హెర్ట్జ్ వద్ద అది 5 మిల్లీమీటర్లకు పైబడును. ఇంత చిన్న స్పీకర్లలో తీగచుట్ట సాధారణముగా మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటి సవ్యముగా కదలజాలదు. దాటినచో స్వరము వికృతమగును. అదే 8 అంగుళముల శంకువునకు 50 హెర్ట్జ్ వద్ద 2 మిల్లీమీటర్ల కంటె కొంచెము ఎక్కువ చాలును. చిన్న స్పీకరు మంద్రస్వరములలో తడబడుటకు ఇది మొదటి కారణము.

పెట్టెలోని గాలి ఒక స్ప్రింగు

రెండవ కారణము పెట్టెలోని గాలియే. సైకిలు పంపు గొట్టమును వ్రేలితో మూసి కడ్డీని నొక్కినచో అది తిరిగి పైకి లేచును. మూసిన పెట్టెలోని గాలియును శంకువును అట్లే వెనుకకు నెట్టును. పెట్టె ఎంత చిన్నదైన స్ప్రింగు అంత బిగువగును. స్ప్రింగు బిగువైన కొలది శంకువు అనునాద పౌనఃపున్యము పెరుగును. ఆ పౌనఃపున్యము కంటె క్రిందనున్న స్వరములు త్వరత్వరగా క్షీణించిపోవును.

ఉదాహరణకు పెట్టెలో బిగింపని స్పీకరు 45 హెర్ట్జ్ వద్ద అనునాదము చెందుననుకొందము. దాని శంకువును పట్టియుంచు అంచుల బిగువు 15 లీటర్ల గాలి బిగువుతో సమానమనుకొందము. దానిని 15 లీటర్ల మూసిన పెట్టెలో పెట్టినచో మొత్తము బిగువు రెట్టింపగును. అనునాదము రెండు యొక్క వర్గమూలము మేరకు పెరిగి 64 హెర్ట్జ్ అగును. 5 లీటర్ల పెట్టెలో పెట్టినచో బిగువు నాలుగు రెట్లగును. అనునాదము 90 హెర్ట్జ్ చేరును. స్పీకరు అదియే, మారినది పెట్టె మాత్రమే.

ఈ గాలి స్ప్రింగును శత్రువుగా కాక సేవకునిగా వాడుకొన్నవాడు ఎడ్గార్ విల్చర్. శంకువును పట్టియుంచు అంచులను మిక్కిలి మెత్తగా చేసి, స్ప్రింగు పనిని పెట్టెలోని గాలికే అప్పగింపవచ్చునని ఆయన గ్రహించెను. గాలి, గుడ్డ అంచుల కంటె క్రమబద్ధముగా సాగి ముడుచుకొనును కనుక స్వరములో వికారము తగ్గెను. ఆయన తన శిష్యుడు హెన్రీ క్లాస్‌తో కలిసి 1954లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో అకూస్టిక్ రీసెర్చ్ అను సంస్థను స్థాపించెను. అంతవరకు గంభీరమైన మంద్రము కావలెనన్నచో బీరువా వంటి పెట్టె అవసరమని తలచెడివారు. ఆ సంస్థ మొదటి స్పీకరు పుస్తకముల అరలో పట్టునంత పెట్టె నుండియే అట్టి మంద్రమును వినిపించి అందరిని ఆశ్చర్యపరచెను. కాని అందుకు తగిన మూల్యము చెల్లింపవలసి వచ్చెను: అది పాత స్పీకర్ల కంటె ఎక్కువ విద్యుచ్ఛక్తిని కోరెను.

మూడింటిలో రెండే

ఈ మూల్యమును లెక్కగట్టి ఒక నియమముగా చెప్పినవాడు జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్. ఆయన ప్రసిద్ధ పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కుమారుడు, స్వయముగా భౌతికశాస్త్రజ్ఞుడు. 1957లో స్థాపించిన కె.ఎల్.హెచ్. కంపెనీ పేరులోని మూడవ అక్షరము ఆయనదే. ఆ నియమము ఇది: చిన్న పెట్టె, లోతైన మంద్రము, తక్కువ శక్తితో గట్టిగా మ్రోగుట – ఈ మూడింటిలో ఏవైన రెండింటినే పొందవచ్చును, మూడవదానిని వదలుకొనవలెను.

గణితపు భాషలో చెప్పినచో, స్పీకరు దక్షత పెట్టె ఘనపరిమాణమునకును, అది అందుకొను కనిష్ఠ పౌనఃపున్యము యొక్క ఘనమునకును అనులోమానుపాతములో ఉండును. 6 లీటర్ల పెట్టె 80 హెర్ట్జ్ వరకు దిగి, 1 వాటుకు 1 మీటరు దూరమున 86 డెసిబెల్లు ఇచ్చుచున్నదనుకొందము. అదే దక్షతతో 40 హెర్ట్జ్ వరకు దిగవలెనన్నచో పౌనఃపున్యము సగమైనది కనుక, సగము యొక్క ఘనము ఎనిమిదవ వంతు. కావున పెట్టె ఎనిమిది రెట్లు పెరిగి 48 లీటర్లు కావలెను. పెట్టెను 6 లీటర్లుగనే ఉంచినచో దక్షత ఎనిమిదవ వంతునకు పడిపోయి, 86 డెసిబెల్లకు బదులు 77 మాత్రమే వచ్చును.

అసలు 86 డెసిబెల్లు ఇచ్చు స్పీకరు దక్షతయే 1 శాతములో నాలుగవ వంతు. దానికిచ్చిన 1 వాటులో రెండున్నర మిల్లీవాట్లు ధ్వనిగా మారును; తక్కినదంతయు వేడిగా పోవును. ఇంత స్వల్పమైన దక్షతలో మరల ఎనిమిదవ వంతే మిగులుటను బట్టి ఆ కోరిక ఎంత ఖరీదైనదో తెలియగలదు.

కనుక కొనువాడు అడుగవలసిన ప్రశ్న “ఈ చిన్న పెట్టెలో అన్నియు ఉన్నవా?” అని కాదు. “ఇందులో దేనిని వదలినారు? అది నాకు అవసరమా?” అని అడుగవలెను. ఒకటవ శ్రుతిలో పాడు గాయకుని ఆధార షడ్జము సుమారు 131 హెర్ట్జ్. మంద్రస్థాయి పంచమము సుమారు 98 హెర్ట్జ్. 80 హెర్ట్జ్ వరకు సవ్యముగా పలుకు స్పీకరులో ఆయన గానము దాదాపు పూర్తిగా వినబడును. మృదంగపు ఎడమవైపు గుంకారములో మాత్రము కొంత బరువు తగ్గవచ్చును. కాని బాస్ గిటారు అతిమంద్ర తంత్రి 41 హెర్ట్జ్ వద్ద పలుకును. అట్టి వాద్యములతో నిండిన సినిమా పాటలను నిండుగా వినగోరువానికి చిన్న జత చాలదు. పెద్ద పెట్టెయో, మంద్రస్వరములకు ప్రత్యేకముగా మరియొక స్పీకరో కావలెను.

నిజాయితీ గల ఒక చిన్న స్పీకరు

వదలవలసినదానిని తెలిసి వదలుట ఎట్లో చూపిన స్పీకరు బి.బి.సి. వారి ఎల్.ఎస్. 3/5ఎ. బయటి కార్యక్రమములను ప్రసారము చేయు వాహనములలో ఇంజనీర్లు ఇరుకుగా కూర్చుండి ధ్వనిని పరీక్షింపవలసి యుండెను. వారి కొరకు 1970 తరువాతి సంవత్సరములలో బి.బి.సి. పరిశోధనశాఖ దీనిని రూపొందించెను. దాని నిర్మాణమును వివరించు నివేదికను 1976లో ప్రకటించెను. పెట్టె సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు, 19 సెంటీమీటర్ల వెడల్పు. లోపలి గాలి 5 లీటర్లు మాత్రమే. అందులో 5 అంగుళముల స్పీకరు ఒకటి, తారస్వరములకు చిన్న ట్వీటరు ఒకటి కలవు.

దీని నిర్మాతలు లోతైన మంద్రమును వదలిరి. గట్టిగా మ్రోగుటను కూడ వదలిరి. 1 వాటుకు అది ఇచ్చునది 83 డెసిబెల్ల లోపే. అందుకు ప్రతిగా మానవకంఠము సహజముగా వినబడుటను సాధించిరి. పెట్టె గోడలు తమంతట తాము మ్రోగకుండ లోపల మెత్తని పూత అంటించిరి. రెండు స్పీకర్లకు స్వరములను పంచి ఇచ్చు క్రాస్ఓవరు వలయమును శ్రద్ధగా సరిదిద్దిరి. దశాబ్దములు గడచినను ఆ చిన్న పెట్టెను ఇండ్లలో ఇష్టముగా వాడువారున్నారు. తక్కువ వెల స్పీకరును ఎన్నుకొనువారికి ఇందులో మంచి పాఠము ఉన్నది. తక్కువ చెప్పినను నిజము చెప్పు స్పీకరు, ఎక్కువ చెప్పి అబద్ధమాడు స్పీకరు కంటె మేలు. లేని మంద్రమును ఉన్నట్లు చూపుటకు కొన్ని చౌక స్పీకర్లు 100 హెర్ట్జ్ ప్రాంతమును అతిగా పెంచును. అంగడిలో అది గంభీరముగా తోచును; ఇంటిలో వారము దినములు విన్న తరువాత ప్రతి పాటయు ఒకే డప్పు మ్రోతగా విసుగు పుట్టించును.

గొట్టము గల పెట్టెలు

నేటి చిన్న పెట్టెలలో పెక్కింటికి ముందో వెనుకో ఒక రంధ్రమును, దానికొక గొట్టమును ఉండును. ఖాళీ సీసా మూతిపై ఊదినప్పుడు గంభీరమైన స్వరము పుట్టుట అందరెరిగినదే. గొట్టములోని గాలి బరువుగాను, పెట్టెలోని గాలి స్ప్రింగుగాను పనిచేసి, ఆ సీసా వలెనే ఒక స్వరము వద్ద అనునాదము చెందును. ఆ అనునాదమును స్పీకరుకు సాయముగా వాడుకొను పద్ధతికి బెల్ పరిశోధనశాలలోని ఆల్బర్ట్ థురాస్ 1932లో పేటెంటు పొందెను. ఎంత పెట్టెకు ఎంత గొట్టము కావలెనో లెక్కించు మార్గమును ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో చూపగా, 1970 తరువాత రిచర్డ్ స్మాల్ దానిని విస్తరించెను.

గొట్టము వలన మంద్రము మరికొంత దిగును. అయితే ఆ హద్దు దాటగనే ధ్వని మూసిన పెట్టెలో కంటె రెట్టింపు వేగముగా పడిపోవును. గోడకు ఆనించి పెట్టవలసిన ఇంటిలో వెనుక రంధ్రము గల పెట్టె కంటె ముందు రంధ్రము గలదో, మూసినదో అనుకూలము.

వాట్లను చూచి మోసపోరాదు

పెట్టెపై వ్రాసిన వాట్లు స్పీకరు ఎంత శక్తిని కాలిపోకుండ తట్టుకొనగలదో చెప్పును. ఎంత గట్టిగా, ఎంత మధురముగా మ్రోగునో చెప్పవు. 1990 ప్రాంతములలో మన బజారులలో పి.ఎం.పి.ఓ. అను పేరుతో చిన్న సెట్లపై వేలకొలది వాట్లు అచ్చువేసి అమ్మెడివారు. ఆ సంఖ్యకు నిరంతరముగా ఇచ్చు శక్తితో ఎట్టి సంబంధమును ఉండెడిది కాదు.

చూడవలసిన సంఖ్య డెసిబెల్లలో ఇచ్చు సునిశితత్వము. 3 డెసిబెల్ల భేదమన్నచో శక్తి రెట్టింపు. 90 డెసిబెల్ల స్పీకరుకు 10 వాట్లు చాలిన చోట 84 డెసిబెల్ల స్పీకరుకు 40 వాట్లు కావలెను. అయినను ఇంటి గదిలో భయపడవలసిన పనిలేదు. 86 డెసిబెల్ల జతకు చెరియొక వాటు ఇచ్చినను రెండున్నర మీటర్ల దూరమున 80 డెసిబెల్లకు పైగా ధ్వని వచ్చును. అది మామూలు సంభాషణ కంటె చాల గట్టిది. హఠాత్తుగా వచ్చు మృదంగపు దెబ్బలకు కొంత మిగులు ఉండవలెను కనుక 20, 30 వాట్ల నిజమైన శక్తి గల ఆంప్లిఫయరు సామాన్య గృహమునకు సరిపోవును. స్పీకరు అవరోధము 4, 6, 8 ఓములలో ఎంతయో చూచి, ఆంప్లిఫయరు దానికి తగినదేనా అని మాత్రము తెలిసికొనవలెను.

తీగలపై ఎక్కువ ఖర్చు పెట్టుట అనవసరము. 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగను 3 మీటర్ల దూరమునకు వాడినచో, పోవుటకు వచ్చుటకు కలిపి 6 మీటర్ల నిరోధము 0.07 ఓములు. 8 ఓముల స్పీకరులో అది 1 శాతమైనను కాదు. మిగిలిన సొమ్మును స్పీకర్లపైన పెట్టుట లాభకరము.

గది కూడ వాద్యములో భాగమే

స్టీరియో విధానమునకు ఇంగ్లండులో ఆలన్ బ్లమ్లైన్ 1931లో పేటెంటుకై దరఖాస్తు పెట్టెను. రెండు స్పీకర్ల నుండి చెవులకు వచ్చు ధ్వనులలోని భేదములను బట్టి, గాయకుడు నడుమ, వయొలిను ఒకవైపు, మృదంగము మరియొకవైపు ఉన్నట్లు మనస్సు చిత్రించుకొనును. ఇది జరుగుటకు రెండు స్పీకర్లును, వినువాడును సమబాహు త్రిభుజపు మూడు శీర్షములలో ఉండవలెను. ట్వీటర్లు కూర్చున్నవాని చెవి ఎత్తున ఉండవలెను. రెండు స్పీకర్లను ఒకే బల్లపై ప్రక్కప్రక్కన పెట్టి స్టీరియో వినగోరుట రెండు కండ్లను ఒకేచోట పెట్టి లోతు చూడగోరుట వంటిది.

గోడ నుండి తిరిగివచ్చు ధ్వని ఒకచోట మేలు, ఒకచోట కీడు చేయును. స్పీకరును గోడకు దగ్గరగా జరిపిన కొలది మంద్రము బలపడును. మూలకు జరిపినచో మరింత బలపడి ఒకే స్వరము గుమగుమలాడును. ముందుభాగము వెనుక గోడకు 85 సెంటీమీటర్ల దూరమున ఉన్నచో గోడకు పోయి తిరిగి వచ్చు తరంగము 1.7 మీటర్లు అదనముగా నడచును. అది 100 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యములో సగము కనుక, ఆ స్వరము చాలవరకు రద్దగును. స్పీకరు దోషమని తలచినది పెక్కుసారులు స్థానదోషమే. కొత్త జత కొనుటకు ముందు పాత జతను ఒక అడుగు అటునిటు జరిపి చూచుటకు ఖర్చు లేదు.

మన ఇండ్లలో కడపరాతి నేల, సున్నపు గోడలు, ఖాళీ గది సామాన్యము. అట్టి గదిలో తారస్వరములు గోడ నుండి గోడకు తాకి మాటలను అస్పష్టము చేయును. స్పీకర్లకు, వినువారికి నడుమ ఒక జంబుఖానా, కిటికీకి మందపు తెర, గోడకు పుస్తకముల బీరువా – ఈ మూడును ఉన్న గదిలో సామాన్యమైన జత కూడ ఖరీదైన జతవలె పలుకును.

వినుటయే పరీక్ష

రెండు జతలను పోల్చునప్పుడు మొదట రెండింటి ధ్వనిని సమానము చేయవలెను. మనుష్యుని చెవి మెల్లని ధ్వనిలో మంద్రస్వరములను సరిగా గ్రహింపదని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో ప్రయోగపూర్వకముగా చూపిరి. అందుచేత ఒకటి రెండు డెసిబెల్లు ఎక్కువ మ్రోగు జత నిండుగాను, మేలుగాను తోచును. అమ్మువాడు ఒక జతను గట్టిగా, ఒక జతను మెల్లగా వినిపించినచో ఆ పరీక్ష చెల్లదు.

రెండవది, బాగుగా ఎరిగిన ధ్వనిని వినవలెను. అందరికిని తెలిసిన ధ్వని మానవకంఠము. వార్తలు చదువు పురుషకంఠము పీపాలోనుండి వచ్చినట్లున్నను, ముక్కుతో పలికినట్లున్నను ఆ స్పీకరును వదలవచ్చును. పిదప చోటు మారి ప్రక్కకు కూర్చుండి వినవలెను. ధ్వని మెల్లగా తగ్గవచ్చును గాని స్వభావము మారరాదు. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ 1980 తరువాత స్పీకర్లను తెర వెనుక ఉంచి, పేరు తెలియనీయక శ్రోతలకు వినిపించెను. ఎదుట అన్ని స్వరములను సమానముగా పలికి, ప్రక్కలకును అదే తీరున ధ్వనిని పంపు స్పీకర్లనే శ్రోతలు మెచ్చుకొనిరి. పేరు, వెల కనబడనప్పుడు చెవి ఇచ్చు తీర్పు నమ్మదగినది.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

స్పీకరును ఆంప్లిఫయరు నుండి విడదీసి, 1.5 వోల్టుల టార్చి సెల్లు ధన ధ్రువమును ఎర్రని కొనకును, ఋణ ధ్రువమును నల్లని కొనకును ఒక్క క్షణము తాకింపవలెను. శంకువు ఒక దిశలో చటుక్కున కదలును. సాధారణముగా అది ముందుకు. ధ్రువములు మార్చినచో ఎదురు దిశలో కదలును. పిమ్మట రెండు స్పీకర్లను దగ్గరగా పెట్టి ఒకే ధ్వనిని వినిపించి, ఆంప్లిఫయరును ఆపి, ఒకదాని తీగలను మాత్రము తారుమారు చేసి మరల వినవలెను. మంద్రము చాలవరకు మాయమగును. ఒకటి గాలిని నొక్కునప్పుడు రెండవది పలుచన చేయుటయే కారణము. తరంగముల వ్యతికరణమును ఇంతకంటె తేలికగా చెవికి చూపు సాధనము మరియొకటి లేదు. ఇంటిలో “మంద్రము రాని” స్పీకర్లలో కొన్ని ఈ తీగల తారుమారు వలననే అట్లున్నవని కూడ విద్యార్థులు తెలిసికొందురు.

పెట్టె చిన్నదైనప్పుడు ఏదో ఒకటి వదలక తప్పదు. అది ప్రకృతి నియమము. దానిని ఏ ప్రకటనయు మార్చజాలదు. కాని ఏది వదలవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ కొనువానిదే. తన గది ఎంతదో, తాను వినునది ఏ సంగీతమో, ఎంత గట్టిగా వినునో ముందుగా తెలిసికొన్నవాడు స్వల్పమైన సొమ్ముతోనే తృప్తిని పొందగలడు. తెలియనివాడు ఎంత వెచ్చించినను కొనునది పెట్టెపై వ్రాసిన సంఖ్యలనే గాని సంగీతమును కాదు.